ఎడమచేతి సెట్

జనవరి 19, సోమవారం

ఇవాళ ఆ సెట్‌ను చెత్తబండిలో వేశాను.

వేసి వెనక్కి తిరిగానో లేదో, వరండాలోంచి మా ఆయన అరుపు. మూడు నెలలుగా గొంతులోంచి గాలి తప్ప ఏదీ రాని మనిషి, కట్టేసిన గొడ్డు అరిచినట్టు అరిచాడు. కుర్చీలోంచి లేచాడు కూడా. ఎడమచేత్తో స్తంభం పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేశాడు. బండి అతను జడుసుకుని తనే దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. "ఏందమ్మా గిది, రేడియోనా?" అన్నాడు.

రేడియోనే. బొమ్మ విమానాల రేడియో. ఈయన కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు విమానాలు ఎగరేయడం నేర్చుకుని, ఆ పిచ్చి వదలక పెళ్లికి ముందే కొనుక్కున్న జపాన్ సెట్. టిఫిన్ డబ్బా అంత పెట్టె, రెండు స్టిక్కులు, మూరెడు కంటే పొడవైన స్టీలు యాంటెనా. కింద నిలబడి స్టిక్కు ఎటు తిప్పితే పైన విమానం అటు తిరగాలి. అక్టోబర్‌లో ఆ ఆదివారం బచ్చన్నపేటలో తిరగలేదు. సిగ్నల్ పోయింది. విమానం పోయి పత్తిచేనులో పడింది. ఈయన శిష్యుడు సంపత్ దాన్ని వెతకడానికి పోయాడు, ఈయనను ఒక్కడినే చెరువు కట్ట కింద వదిలేసి. వాడు తిరిగి వచ్చేసరికి ఈయన నేల మీద పడి ఉన్నాడు. పక్షవాతం. జర ముందు తెస్తే ఇంత కాకపోయేదన్నాడు హనుమకొండ డాక్టర్.

ఇదంతా ఎందుకు మళ్లీ రాస్తున్నాను? రోజూ ఇదే కదా తలలో తిరిగేది.

ముద్ద నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంటాడు. చెయ్యి ఆడించమంటే కళ్లు మూసుకుంటాడు. కన్నకూతురు రిషిత వీడియో కాల్ చేసి "బాపూ, ఒక్కసారి నా దిక్కు సూడు" అని ఏడిస్తే గోడకేసి చూస్తాడు. ఆ డబ్బా కోసం మాత్రం లేచి నిలబడ్డాడు.

మళ్లీ అల్మారా మీద పెట్టాను. పెట్టానా, విసిరానా.

జనవరి 20

మాట్లాడలేదు. ఇద్దరమూ.

జనవరి 25, ఆదివారం

సంపత్ వచ్చాడు. నెలకోసారి భూపాలపల్లి నుంచి యాపిల్ పండ్లు పట్టుకుని వస్తాడు. ముందు మా గల్లీలోనే ఉండేవాడు. ఈయన దగ్గరే విమానాలు నేర్చుకున్నాడు, అన్నా అన్నా అంటూ ఈయన పంపుసెట్ల రిపేరు షాపులోనే పడుండేవాడు. ఉద్యోగం వచ్చి అక్కడికి వెళ్లినా, ఆదివారం వస్తే మోటార్‌సైకిల్ వేసుకుని దిగేవాడు. అక్టోబర్‌లో దవాఖాన వరండాలో అందరి ముందూ వాడిని నేను అనని మాట లేదు. పడ్డాడు. ఇప్పుడూ పడతాడు. పడే మనిషిని చూస్తే నాకు ఇంకా మండుతుంది.

చాయ్ ఇవ్వలేదు. వాడూ అడగలేదు.

ఈయన పక్కన కూర్చుని కాసేపు చేతులు పిసుక్కున్నాడు. పోయేముందు అల్మారా వైపు చూసి, "వదినా, ఆ విమానాలు దుమ్ము పడుతున్నయి. నేను తీస్కపోయి పెట్టనా?" అన్నాడు.

"ఎందుకు?"

"అన్న ఇగ ఎగరేసేది లేదు గద."

ఈయన ముందే అన్నాడు. ఈయన వినలేడనుకున్నాడో, విన్నా ఏం కాదనుకున్నాడో. నా ఒళ్లు భగ్గుమంది. అదే మాట పొద్దున నేనే ఇంట్లో పనిచేసే గంగాబాయితో అన్నానన్నది వేరే సంగతి.

"సెట్ సుత తీస్కపోతవా?"

"సెట్ ఏం పనికొస్తది వదినా, మ్యూజియంల పెట్టుడే. ఆ పాత ఫ్రీక్వెన్సీ ఇప్పుడు ఎవరు వాడుతలేరు. అందరివి టూ పాయింట్ ఫోర్ గిగాహెర్ట్‌జ్. కావాలంటే అండ్ల పాత రేడియో బోర్డు పీకేసి కొత్త మాడ్యూల్ పెట్టొచ్చు. కొంతమంది పెట్టుకుంటున్నరు, చేతికి అలవాటైన సెట్ పారేయబుద్ధి కాక. గని ఎవరి కోసం? అన్నకు కుడిచెయ్యి రాదాయె."

"ఎడమచెయ్యి ఉన్నది గద," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. వాడి నోరు మూయించడానికి అన్నాను. అంతే.

జనవరి 28

మాడ్యూల్ ఆర్డర్ పెట్టాను. ఈయన కోసం కాదు. సంపత్ చేయలేవన్నట్టు చూశాడు, అందుకు.

స్కూల్లో ఫిజిక్స్ సార్‌ను అడిగితే "బయాలజీ మేడంకు ఇవన్నీ ఎందుకండీ" అని నవ్వాడు. వీడియోలు చూసి రాసుకున్నాను. సెట్ లోపల ముఖ్యంగా రెండు బోర్డులు. స్టిక్కులు ఎంత తిరిగాయో కొలిచి వరుసగా పేర్చేది ఒకటి. ఆ వరుసను గాల్లోకి పంపేది ఒకటి. మొదటిది ఉంచాలి. రెండోది తీసేసి, దానికి పోయే మూడు తీగలను (కరెంటు, ఎర్త్, సిగ్నల్) కొత్త మాడ్యూల్‌కు కలపాలి. పొడుగు యాంటెనా తీసేస్తే ఆ బొక్కలో వేలెడంత కొత్తది సరిపోతుంది. ఇంతే. ఇంతేనట.

షాపు మూసి సామాను తెచ్చి పెట్టిన గదిలో ఆయన సోల్డరింగ్ ఐరన్ దొరికింది. పంపుసెట్ల స్టార్టర్లు బాగుచేసేది. దాని కర్ర పిడి ఆయన పట్టుకున్న చోట నల్లబడి ఉంది.

ఫిబ్రవరి 1, ఆదివారం

బచ్చన్నపేట నుంచి ఆయన చిన్నమ్మ వచ్చింది. "నువ్వు గాబట్టి సేస్తున్నవ్ బిడ్డా. పుణ్యాత్మురాలివి," అంది. నన్ను పుణ్యాత్మురాలిని చేసి తను బస్సెక్కి పోయింది. బీపీ గోలీలు వేసుకున్నరా అని నేను రోజూ అడుగుతుంటే రోజూ "ఆఁ" అని అబద్ధం చెప్పిన మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అనరు. మంచంలో ఉన్నవాడిని ఎవరు అంటారు.

నేను అంటాను. ఇక్కడ అంటాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

కాలిపోయింది.

పొద్దుటి నుంచి కూర్చున్నాను. వెనక మూత తీసి, పాత బోర్డు తీగలు విప్పి, కొత్త మాడ్యూల్ తీగలు అతికించాను. వరండాలోనే, వెలుగు ఉంటుందని. ఆయన ఎదురుగా కుర్చీలో. కుర్చీ చెయ్యి మీద వేళ్లతో కొడుతూనే ఉన్నాడు, టక్ టక్ టక్. "జర సప్పుడు చెయ్యకుండ్రి," అన్నాను రెండుసార్లు. ఆపలేదు. విసుగొచ్చింది.

స్విచ్ వేయగానే సన్నగా పొగ. ఒక వాసన. మాడ్యూల్ మీద లైటు ఒక్కసారి వెలిగి మళ్లీ వెలగలేదు.

అప్పుడు ఆయన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. స్క్రూడ్రైవర్ గోడకేసి కొట్టాను. పెచ్చు ఊడింది.

గంగాబాయి వంటింట్లోంచి వచ్చి చూసింది. కురవి దగ్గర తండా ఆమెది. కొడుకు ఇక్కడ మేస్త్రీ పనికి వస్తే వెంట వచ్చింది. నేను స్కూలుకు పోయినప్పుడు ఈయనను చూసుకుంటుంది. ఆమెకు ఎవరన్నా భయం లేదు.

"సారు నవ్విండమ్మా," అంది.

"నవ్వనియ్యి. మన కొంప తగలబడితే అందరు నవ్వేటోళ్లే."

"అట్ల గాదు. పొద్దటిసంది కుర్చీ కొడుతుండె. నువ్వు సూడలే. నీకు ఏందో సెప్తుండె."

ఫిబ్రవరి 9

బ్యాటరీ తొమ్మిది వోల్టుల పైన. మాడ్యూల్‌కు కావలసింది అయిదు. ఆయనకు తెలుసు. చూస్తూ కూర్చున్నాడు.

కుర్చీ కొట్టాడే అనుకో. నోరు తెరిచి ఒక్క మాట అనలేడా? చెత్తబండి వెంట అరిచిన గొంతు ఏమైంది?

ఫిబ్రవరి 11

సాయంత్రం సెట్‌ను ఆయన ఒళ్లో పెట్టాను, మూత తీసి.

"తప్పెక్కడున్నదో సూపెట్టుండ్రి. సూపెట్టకుంటే ఇప్పుడే సుత్తె తెస్త."

చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమచేతి చూపుడువేలు లేచింది. వణుకుతూ వచ్చి బ్యాటరీ తీగ మీద ఆగింది. అక్కడి నుంచి సామాను గది వైపు చూపించాడు. వెళ్లి ఒక్కో డబ్బా తెచ్చి చూపించాను. తల అడ్డంగా, తల అడ్డంగా. చివరికి ఒక చిన్న రెగ్యులేటర్ ముక్క. వోల్టేజీ తగ్గించేది. తల నిలువుగా.

దాన్ని ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తే, పెదాలు కూడదీసుకుని అన్నాడు. "కా...దు."

దవాఖాన నుంచి వచ్చాక ఆయన నోట పలికిన మొదటి మాట. ఇన్ని నెలలు చేసిన చాకిరీకి, కాదు.

రిషితకు ఫోన్ చేసి చెబితే ఏడ్చింది. "బాపు మాట్లాడిండా అమ్మా!"

"మాట్లాడలేదు. నన్ను కాదన్నడు," అన్నాను.

ఫిబ్రవరి 14, శనివారం

కొత్త మాడ్యూల్ మళ్లీ ఆర్డర్ పెట్టాను. అది వచ్చేలోపు స్టిక్కులు.

విమానాన్ని పైకీ కిందికీ, పక్కలకూ తిప్పేది ఎక్కువగా కుడి స్టిక్కు. వదిలేస్తే స్ప్రింగుతో నడిమికి వస్తుంది. ఎడమది ఇంజిన్ వేగం కోసం. వదిలిన చోటే ఉండిపోతుంది. ఈయనకు మిగిలింది ఎడమచెయ్యి. అందుకని స్ప్రింగును ఇటు మార్చి, తిప్పే పనంతా ఎడమ స్టిక్కుకు ఇవ్వాలి. వేగాన్ని పక్కన ఉన్న చిన్న గుండ్రటి నాబ్‌కు కలపాలి. నాబ్ తిప్పేదెవరు అని అడిగాను. జవాబు లేదు.

స్ప్రింగు మూడుసార్లు ఎగిరి మూడు మూలల్లో పడింది. నేను నేల మీద పాకుతుంటే ఆయన వేలితో చూపించడం, నేను ఇంకోవైపు చూడటం, ఆయన "కాదు" అనడం. ఆ ఒక్క మాటే వచ్చు ఇప్పుడు. దాన్నే ఇష్టంగా వాడుతున్నాడు.

ఫిబ్రవరి 17

గంగాబాయి శివరాత్రికి కురవి జాతరకు పోయి ఇవాళ వచ్చింది. వీరభద్రస్వామి విభూతి తెచ్చి ఆయన కుడిచేతికి రాసింది. తర్వాత సెట్‌కు కూడా రాసింది.

"దానికెందుకే?" అన్నాను.

"ఇద్దరు ఒక్కతీరుగనే ఉన్నరు గదమ్మా. లోపల అంత మంచిగనే ఉండి సప్పుడు చెయ్యరు."

తుడిచేశాను. తుడిచాక ఒక భయం పట్టుకుంది. ఆ రోజు పొగ వచ్చినప్పుడు సెట్‌లో మొదటి బోర్డు కూడా పోయిందేమో. కొత్త మాడ్యూల్ వచ్చాక అదీ కాలితే? పాత రేడియో బోర్డు మళ్లీ తగిలించి ఒకసారి చూడాలి. దానికి పాత రిసీవర్ కావాలి, విమానంలో ఉండి సిగ్నల్ అందుకునేది. అది ఆ పడిపోయిన విమానంతోపాటు సంపత్ దగ్గర ఉంది, తర్వాత పత్తి ఏరేవాళ్లకు దొరికిందట.

ఫోన్ చేసి తెమ్మనొచ్చు. చేయను. నేనే పోతాను. వాడి ఇంట్లో కూర్చుని నాలుగు మాటలు అనాలనుంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

భూపాలపల్లి పోయి వచ్చాను. వరుసగా రాయాలి.

హనుమకొండలో బస్సు మారి చేరేసరికి ఎండెక్కింది. సంపత్ భార్య అక్షయ అన్నం తినమంది. వద్దన్నాను. తినిపించే దాకా ఊరుకోలేదు. సంపత్ గూట్లోంచి విరిగిన విమానం దించాడు. ఒక రెక్కే ఉంది. లోపల రిసీవర్ మాత్రం చెక్కుచెదరలేదు. దానికి రెక్క తిప్పే చిన్న మోటారు కూడా అట్లాగే ఉంది.

వెంట తెచ్చిన సెట్‌కు పాత బోర్డు తగిలించి, యాంటెనా మొత్తం లాగి, స్విచ్ వేశాను. స్టిక్కు కదిపితే మోటారు చెయ్యి ఆడింది. సెట్ బతికే ఉంది.

"దూరం పోతే ఆగిపోతది గావచ్చు," అన్నాను. "ఆ రోజు గట్లనే ఆగింది గద."

సంపత్ లేచాడు. రిసీవర్ పట్టుకుని కాలనీ రోడ్డు మీద నడిచాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. స్టిక్కు తిప్పుతూనే ఉన్నాను.

"ఆడుతుందా?"

"ఆడుతుంది వదినా."

వాడు నీళ్ల ట్యాంకు దాటాడు. గుడి దాటాడు. కనిపించకుండా పోయాడు.

"ఇప్పుడు?"

"ఆడుతుంది."

"ఇంకా పో."

"ఇంకా ఆడుతనే ఉంది వదినా. ఆ రోజు విమానం గింత దూరం సుత పోలే."

వాడి గొంతు అదోలా ఉంది. తిరిగి వచ్చాక అడిగాను. "సంపత్, ఆ రోజు సిగ్నల్ పోయిందని ఎవరన్నరు?"

"అన్ననే అన్నడు."

"నువ్వు సూడలేదా?"

అరుగు మీద కూర్చున్నాడు. అక్షయ వైపు చూశాడు. ఆమె "చెప్పు, ఎన్నొద్దులు దాస్తవ్," అంది.

"విమానం పడ్డప్పుడు అన్న కుడిచెయ్యి స్టిక్కు మీద లేకుండె వదినా. కిందికి యాలాడుతుండె. ఏమైందన్నా అంటే తిమ్మిరి అన్నడు. సిగ్నల్ పోయింది, నువ్వు పోయి విమానం దేవులాడు అన్నడు. నేను పోనన్న. ముందు ఇంటికి పోదామన్న. తిట్టిండు. ఎన్నడు తిట్టనోడు మస్తు తిట్టిండు. ఇగ పోయిన. చేను నిండ పత్తి, దొరకలే. వచ్చేసరికి..."

"నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్తా? లోపల అన్న ఉంటడో పోతడో తెల్వదు. నువ్వు నన్ను తిడుతున్నవ్. తిట్టనీ అనుకున్న. నన్ను తిట్టుడు ఆపితే అన్నను తిడ్తవ్. ఆ టైంల అన్నను ఎట్ల తిట్టనిస్త?"

బస్సు ఎప్పుడు ఎక్కానో, హనుమకొండలో ఎట్లా మారానో తెలియదు. పక్క సీటామె "ఏమైందక్కా, ఎవరన్న పోయిండ్రా?" అని అడిగింది.

ఇంటికి వచ్చేసరికి గంగాబాయి ఆయనకు తల దువ్వుతోంది. చెప్పులు కూడా విప్పలేదు. రిసీవర్ ఆయన ఒళ్లో పెట్టి సెట్ ఆన్ చేశాను. ఆయన ఒళ్లో మోటారు అటూ ఇటూ ఆడింది.

"సూడు. మంచిగ ఆడుతున్నది. సంపత్ ఊరవతలికి పోయినా ఆడింది. సిగ్నల్ ఎప్పుడు పోయింది? చెప్పు నాకు."

పెళ్లయినప్పటి నుంచి ఆయనను నువ్వు అనలేదు. గంగాబాయి దువ్వెన ఆగిపోయింది.

"ముందు పోయింది నీ చెయ్యి. నీకు ఎరుకే. ఎరుకై పోరగాన్ని చేన్లకు తోలి, ఒక్కనివే కూసున్నవ్. ఎందుకు?"

ఆయన మోటారును చూస్తున్నాడు. పెదాలు కదిలాయి. "సి..."

"సిగ్నలా? మళ్ల సిగ్నలేనా?"

తల అడ్డంగా ఊపాడు. "సి...గ్గు."

సిగ్గు. శిష్యుడి ముందు విమానం పడగొట్టినందుకు సిగ్గు. గోలీలు వేసుకోలేదని ఇంట్లో తెలుస్తుందని సిగ్గు. దానికి నా సగం జీవితం, తన సగం ఒళ్లు.

"మరి గిప్పుడు లేదా సిగ్గు? రోజు నీ బట్టలు నేను మారుస్తున్న. గిప్పుడు సిగ్గైతలేదా?"

"అమ్మా, ఊకో," అంది గంగాబాయి. "అన్నవ్ గద. ఇగ సాలు."

ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి ఎడమచెయ్యి లేపలేదు. రిసీవర్‌ను పట్టుకుని ఉంది అది.

అనకూడని మాట అని తెలుసు. అన్నాను. మళ్లీ అడిగే పరిస్థితి వస్తే మళ్లీ అంటాను.

ఫిబ్రవరి 26

సంపత్‌కు ఫోన్ చేయాలి. చేయలేదు. ఏమని చేయను?

మార్చి 3

మాడ్యూల్ వచ్చింది. కవర్ విప్పలేదు.

మార్చి 9

ఆయన ఇప్పుడు అన్నం తానే తింటున్నాడు, ఎడమచేత్తో, చెంచాతో. సగం కింద పడుతుంది. పెట్టబోతే చెయ్యి అడ్డం పెడుతున్నాడు. తిననీ. నేను ఆ రోజు అన్నదానికా? అనలేదు నేను, అన్నం గురించి ఏమీ అనలేదు.

మార్చి 19, గురువారం

ఉగాది. పచ్చడి చేశాను. వేపపువ్వు ఎక్కువైంది. గిన్నెడు తాగాడు. కాదు అని కూడా అనలేదు.

మార్చి 22, ఆదివారం

మధ్యాహ్నం బట్టలు ఆరేసి వస్తే వరండాలో చప్పుడు. సెట్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. మాడ్యూల్ కవర్ పళ్లతో చింపినట్టున్నాడు, ప్లాస్టిక్ ముక్క పెదవికి అంటుకుని ఉంది. ఎడమచేత్తో వెనక మూత స్క్రూ విప్పుతున్నాడు. స్క్రూడ్రైవర్ జారుతోంది. మళ్లీ పెడుతున్నాడు. జారుతోంది.

తలుపు దగ్గరే నిలబడ్డాను. సాయం చేయకూడదనుకున్నాను. తన సిగ్గు తనే విప్పుకోనీ అనుకున్నాను. చాలాసేపు నిలబడ్డాను. ఒక్క స్క్రూ వచ్చింది. రెండోదాని తల అరిగిపోతోంది.

"అట్ల తిప్పితే పాడైతది," అన్నాను. వెళ్లి కింద కూర్చున్నాను.

ఆయన సెట్ వదలలేదు. నేను స్క్రూడ్రైవర్ లాక్కున్నాను. రెగ్యులేటర్ ఆయన చూపించిన చోట. మూడు తీగలు. సోల్డర్ ఆయన పట్టుకున్నాడు, ఐరన్ నేను. ఒకసారి ఆయన వేలు కాల్చాను. కావాలని కాదు. "స్...స్" అన్నాడు. "ఓర్చుకో," అన్నాను.

స్విచ్ వేసే ముందు ఆయన మొహం చూశాను. కుర్చీ మీద చప్పుడేమీ లేదు. వేశాను. ఎర్ర లైటు మినుకుమినుకుమంది. మాడ్యూల్‌తో వచ్చిన కొత్త రిసీవర్‌ను దగ్గర పెట్టి, వీడియోలో చెప్పినట్టు బటన్ నొక్కి పట్టుకుంటే, ఒకదాన్నొకటి గుర్తుపట్టి రెండింటిలోనూ పచ్చ లైటు నిలబడిపోయింది.

"అయింది," అన్నాడు. తడబడకుండా.

సాయంత్రం సంపత్‌కు ఫోన్ చేశాను. తప్పయింది అనే మాట ముందు అనుకుని చేశాను. వాడు "హలో వదినా" అనగానే, "వచ్చే నెల మొదటి ఆదివారం ఖాళీ పెట్టుకో, విమానం ఒకటి తే, మెల్లగ ఎగిరేది," అన్నాను. వాడు "అట్లనే వదినా" అన్నాడు. "సంపత్," అన్నాను. "ఆఁ?" అన్నాడు. "దవాఖానల నేను తిట్టిన మాటలు..." అన్నాను. "చెవులల్ల పడలే వదినా," అన్నాడు.

పడకపోవడం ఏమిటి. వరండా అంతా వినిపించింది.

మార్చి 31

పదో తరగతి పరీక్షల డ్యూటీ. ఇంటికి వస్తే ఆయన ఎడమ స్టిక్కుతో సాధన. రిసీవర్‌కు మోటారు తగిలించి గంగాబాయి చేతికి ఇచ్చాడు. ఆమె దాన్ని పట్టుకుని "కుడి, ఎడమ, పైకి, కిందికి" అని చదువుతోంది. "సారు మస్తు తప్పులు సేస్తుండు," అని నాతో చెప్పింది. ఆమె ఎదుటే ఆయనకు నవ్వు వస్తుంది. నేను రాగానే ఆగిపోతుంది.

ఏప్రిల్ 5, ఆదివారం

పొద్దున్నే బచ్చన్నపేట. గాలి లేదు. చెరువు ఎండిపోయి నేలంతా పర్రెలు, పగుళ్లు. అవతల పీకని పత్తికట్టె. ఆ రోజు తర్వాత ఇక్కడికి నేను రావడం ఇదే మొదటిసారి. ఏ చోట పడ్డాడో అడగలేదు. సంపత్ కూడా చూపించలేదు. అద్దెకు తెచ్చిన కారును మాత్రం కట్ట కిందున్న ఒక చెట్టుకు దూరంగా ఆపాడు.

ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆయనను కూర్చోబెట్టాం. ఒళ్లో దిండు, దిండు మీద సెట్. ఎడమచెయ్యి స్టిక్కు మీద. కుడిచేతిని నేను తీసి సెట్ అంచున పెట్టాను, జారకుండా.

"నాబ్ ఎవరు తిప్పుతరు?" అన్నాడు సంపత్.

ఆయన నా వైపు చూశాడు. ఆ రోజు జవాబు ఇవ్వనిది ఇందుకన్నమాట. కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని నాబ్ పట్టుకున్నాను. "నాకేం రాదు. మళ్ల నన్ను అనొద్దు," అన్నాను.

సంపత్ విమానాన్ని తలపైకెత్తి పట్టుకున్నాడు. "ఫుల్," అన్నాడు ఆయన. తిప్పాను. సంపత్ వదిలాడు.

అది కిందికి పోతుందనుకున్నాను. పోలేదు. వాడి చేతిలోంచి అట్లాగే లేచి, చెరువు కట్ట ఎత్తు దాటి, ఇంకా పైకి.

"తక్కువ," అన్నాడు. తగ్గించాను.

"ఇం...త గాదు!"

"నువ్వే అన్నవ్ తక్కువ అని!"

"జర... ఎక్కువ!"

"జర అంటే ఎంత? వేలితోని సూపెట్టు!"

"వేలు... ఏడున్నది!"

ఆయన ఉన్న ఒక్క చెయ్యి స్టిక్కు మీద ఉంది. నిజమే. ఇద్దరం అరుచుకుంటున్నాం. పైన విమానం ఎడమకు తిరిగి మా మీదుగా పోయింది. దాని నీడ మా మీద పడి పోయింది. ఆయన తల ఎత్తి దాని వెంటే తిప్పుతున్నాడు. మెడ అంత తిరుగుతుందని నాకు తెలియదు. నోరు వంకరగా తెరుచుకుని ఉంది, చొల్లు కారుతోంది. తుడవడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు.

నాలుగు చుట్లు తిరిగింది. దించుదామన్నాడు సంపత్. తగ్గించమంటే తగ్గించాను. విమానం కట్ట వైపు నుంచి దిగుతూ వచ్చింది. బాగానే వచ్చింది. ఇంకా మనిషి ఎత్తు ఉండగానే ఆయన స్టిక్కు వెనక్కి లాగేశాడు. అది ముక్కు లేపి గాల్లో నిలబడిపోయి, ఒక రెక్క జారి, తలకిందులుగా పత్తికట్టెలో పడింది. చిన్న చప్పుడు.

ఎవరం కదలలేదు. సంపత్ ఆయన మొహం చూశాడు, నా మొహం చూశాడు. చూసి, మెల్లగా అన్నాడు. "సిగ్నల్ కట్ అయింది గావచ్చన్నా. కొత్త మాడ్యూల్ గద, ఒక్కోసారి..."

ఆయన సెట్ వైపు చూశాడు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. పెదాలు చాలాసేపు కూడబలుక్కున్నాయి. నేను సాయం చేయలేదు.

"సిగ్నల్... ఉన్నది," అన్నాడు. "నేనే. పడగొట్టిన."

ఈ మాట వింటే నా కోపం పోతుందనుకున్నాను. పోలేదు. ఇంకా పెరిగింది. ఇంత చిన్న మాట. మాట వచ్చే రోజుల్లో అయితే గాలి పీల్చి వదిలేంత సేపు పట్టేది కాదు.

"అక్టోబర్‌ల గిదే మాట అంటే ఏం పోయేది?" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. తర్వాత స్టిక్కు వదిలి, ఎడమచేత్తో నా కొంగు పట్టుకుని లాగాడు.

"ఇంకోసారి," అన్నాడు.

"ఏంది ఇంకోసారి? ఎగరేసుడా, చెప్పుడా?"

"రెండు."

నాకు నవ్వు రాలేదు. సంపత్ అప్పటికే పత్తికట్టెలోంచి విమానం తెచ్చి కింద కూర్చుని రెక్కకు టేపు వేస్తున్నాడు. ఆ మాట విని ఆపి మమ్మల్నే చూస్తున్నాడు, కళ్లు తుడుచుకుంటూ. పని ఆపి ఎటు చూస్తున్నావని వాడి మీద అరిచాను. ఎండెక్కుతోంది, తొందరగా కానీయమన్నాను.